నాన్నగారి బండి తాళాలు ఎవరు అడగాలి? రవాణా శాఖకు, డాక్టర్లకు, పిల్లలకు ఒక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రవాణా శాఖల ఉన్నతాధికారులకు,
లైసెన్సు కోసం వైద్య సర్టిఫికెట్లు రాసే డాక్టర్లకు,
బండి నడిపే పెద్దవాళ్లున్న ప్రతి ఇంటికీ,

నమస్కారం.

కళ్ల పరీక్షలు చేసేవాళ్లం, వృద్ధులకు వైద్యం, ఫిజియోథెరపీ చేసేవాళ్లం, డ్రైవింగ్ నేర్పేవాళ్లం కొందరం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. పెద్ద వయసువాళ్లు బండి నడపడానికి తగినవారో కాదో చూసే పద్ధతి మీద ఇదివరకు విడివిడిగా ఇచ్చిన వినతిపత్రాలకు రసీదులు వచ్చాయి గానీ జవాబులు రాలేదు. అందుకే నలుగురి ముందు పెడుతున్నాం.

ముందుగా ఒక మాట. ముసలివాళ్లను రోడ్డు మీంచి తప్పించమని మేం అడగడం లేదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో అతివేగం వాటాయే పెద్దది, ఆ తప్పు చేసేది ఎక్కువగా పెద్దవాళ్లు కారు. 78 ఏళ్ల మనిషి నిక్షేపంగా నడపొచ్చు, 62 ఏళ్లకే ఇంకొకరు ఆపేయాల్సి రావచ్చు. వయసు చూసి గీత గీస్తే ఇద్దరికీ అన్యాయమే. ఎవరు ఎప్పుడు ఆపాలో చూసే పనిని చట్టం ఇప్పటికే ఒక డాక్టరుకూ ఒక అధికారికీ అప్పగించింది. ఆ పని జరగడం లేదు కాబట్టి అది ఇంట్లో తండ్రీ కొడుకుల తగాదాగా మారింది. మా ఫిర్యాదు ఇదే.

1. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం ప్రకారం 55 దాటినవారికి లైసెన్సు ఒక్కో రెన్యువల్‌కు ఐదేళ్లే చెల్లుతుంది. 40 దాటినవారు రెన్యువల్‌కు ఫారం 1ఏలో డాక్టరు సర్టిఫికెట్ పెట్టాలి. లెక్కవేస్తే 60కీ 80కీ మధ్య ప్రతి మనిషినీ నాలుగుసార్లు ఒక డాక్టరు ఎదురుగా కూర్చోబెట్టుకుని చూడాలి. ఆ ఫారంలో డాక్టరు సంతకం చేసే మాట చిన్నదేమీ కాదు: ఈ మనిషిని నేను స్వయంగా పరీక్షించాను, దూరపు చూపు, వినికిడి, చేతులు, కాళ్లు, కీళ్ల మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టాను అని.

చాలాచోట్ల జరుగుతున్నది వేరు. ఆఫీసు గేటు బయట జిరాక్సు షాపులో సంతకం, ముద్ర ముందే పడిన ఫారం దొరుకుతుంది. ఏజెంటు వయసు, బ్లడ్ గ్రూపు అడిగి, మిగిలిన గళ్లన్నీ తనే నింపుతాడు. పెద్దాయన బెంచీ మీద కూర్చునే ఉంటాడు, ఆయన ఫోటో ఒక్కటే డాక్టరు దాకా వెళ్లి వస్తుంది. కొన్నిసార్లు అదీ వెళ్లదు. దీని నష్టం ఇంట్లో తెలుస్తుంది. 'నాన్నా, నీకు రాత్రిపూట సరిగ్గా కనపడటం లేదు' అని కూతురు అంటే ఆయన కార్డు తీసి చూపిస్తారు. గవర్నమెంటే ఇంకో ఐదేళ్లు ఇచ్చింది, నువ్వు చెప్పేదేమిటి అంటారు. ఆ మాటకు కూతురు దగ్గర జవాబు ఉండదు.

2. ఫారంను నిజాయితీగా నింపినా చాలదు. అందులో అడిగేవి: చూపులో లోపం ఉందా, అద్దాలతో సరిపోయిందా, రంగులు గుర్తుపట్టడంలో తీవ్రమైన లోపం ఉందా, మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరంలో కారు నంబరు ప్లేటు పోల్చగలరా, హారన్ వినపడనంత చెవుడు ఉందా, రేచీకటి ఉందా, అవయవ లోపం ఉందా. పాతికేళ్ల కుర్రాడికి ఈ ప్రశ్నలు సరిపోతాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది, అంటే ఆ 25 మీటర్లు సెకనున్నరలో అయిపోతాయి. చూసిన దాన్ని పోల్చుకోవడానికి, కాలు బ్రేకు మీదకు తేవడానికి ఒక్క సెకను ఆలస్యమైతే మరో 17 మీటర్లు పోయినట్టే. వయసుతో పెరిగేది ఈ ఆలస్యం. దాని మీద ఫారంలో ఒక్క ప్రశ్న లేదు.

ఫారం అడగనివి, మేం రోజూ చూసేవి ఇవి.

నీటికాసుల జబ్బులో (గ్లాకోమా) మధ్య చూపు చివరిదాకా బాగానే ఉంటుంది. అక్షరాల పట్టికలో 6/6 లైను చదివేస్తారు, నంబరు ప్లేటు చదివేస్తారు. పోయేది పక్క చూపు. ఎడమ సందులోంచి వచ్చే సైకిలు, కుడివైపు నుంచి రోడ్డు దాటే మనిషి దగ్గరికి వచ్చేదాకా కనపడరు. నొప్పి ఉండదు, మెదడు ఆ ఖాళీని తనే నింపేస్తుంది కాబట్టి మనిషికి తెలియదు. 'వాడు ఎక్కణ్నుంచి ఊడిపడ్డాడో' అనే మాట ఇంట్లో రెండోసారి వినపడితే కంటి డాక్టరు దగ్గర పక్క చూపును కొలిచే ఫీల్డు పరీక్ష చేయించాలి.

శుక్లం ముదిరే కంటికి పగలు పర్వాలేదు, రాత్రి ఎదురు బండి హైబీమ్ పడగానే ముందున్నదంతా తెల్లగా అయిపోతుంది. పైగా ఇరవై ఏళ్ల కంటితో పోలిస్తే అరవై ఏళ్ల కంటి రెటీనాకు చేరే వెలుతురు సుమారు మూడో వంతే. మన రోడ్ల మీద రాత్రిపూట వెనక రిఫ్లెక్టరు లేని ట్రాక్టరు ట్రాలీ ఉంటుంది, కోతల కాలంలో ఆరబోసిన వడ్లు, వాటి చుట్టూ పేర్చిన రాళ్లు, మీద నల్ల పట్టా ఉంటాయి. ఈ చూపును 'మంచి పగటి వెలుతురులో' కొలిచి రాత్రికి కూడా అనుమతి ఇస్తున్నాం. ఒక కంటికి ఆపరేషన్ అయి రెండోది మిగిలిపోయిన నెలల్లో ఇంకో చిక్కు: రెండు కళ్లకూ పొంతన లేక దూరం అంచనా తప్పుతుంది. ముందు బండికి ఎంత దగ్గరగా వచ్చారో తెలియదు.

షుగరు ఉన్నవారిలో రెండు ప్రమాదాలు. ఒకటి ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటివి వాడి, భోజనం ఆలస్యమైనప్పుడు షుగరు పడిపోవడం. పెద్ద వయసులో చెమట, వణుకు వచ్చేసరికే ఆలోచన మందగించి ఉండొచ్చు. పాత రోగుల్లో ఆ ముందస్తు గుర్తులు కూడా రాకపోవచ్చు. రెండోది కాళ్ల తిమ్మిర్లు. అరికాలికి స్పర్శ తగ్గితే కింద ఉన్నది బ్రేకా, యాక్సిలరేటరా అన్నది కాలికి తెలియదు, ఎంత నొక్కుతున్నామో తెలియదు. ఆ తిమ్మిర్లకు ఇచ్చే ప్రీగాబలిన్, అమిట్రిప్టిలిన్ మళ్లీ మగత తెస్తాయి. జలుబు మాత్రల్లోని క్లోర్‌ఫెనిరమిన్, నిద్రకు వాడే ఆల్ప్రజోలం, నొప్పికి ట్రమడాల్, ప్రోస్టేటుకు ఇచ్చే టామ్సులోసిన్ కలిస్తే ఒక మనిషి పొద్దున బండి ఎక్కే సమయానికి ఒంట్లో మగతో, కళ్లు తిరగడమో తెచ్చే మందులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టిన డాక్టరు ఉండరు. ఒక్కొక్కటి ఒక్కో డాక్టరు రాసినవి మరి.

పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బులో కాలు కదలిక నెమ్మదిస్తుంది. దానికిచ్చే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ ఉన్నట్టుండి నిద్ర తెప్పించగలవు. మెడ ఎముకలు బిగుసుకున్నవారు కుడికి తిరిగేటప్పుడు వెనక్కి చూడలేరు, అద్దంలో కనిపించిందే నమ్ముతారు. హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు హైవే మీదైనా, 16వ నంబరు హైవే మీదైనా డివైడర్ గ్యాపు దగ్గర యూ టర్న్ తీసుకునేటప్పుడు ఎదురొచ్చే బండి దూరాన్నే కాదు, వేగాన్నీ అంచనా వేయాలి. వయసుతో బాగా తగ్గేది ఈ రెండోదే. దూరంగా ఉందిలే అని తిప్పుతారు.

ఇక మతిమరుపు. తొలి దశలో మాట బాగుంటుంది, మర్యాద బాగుంటుంది, పాత సంగతులు తేదీలతో చెబుతారు. ముప్పై ఏళ్లు తిరిగిన దారిలో మలుపు తప్పడం, ఆకుపచ్చ లైటు పడినా కదలకపోవడం, రాంగ్ రూట్‌లో వెళ్తూ ఎదుటివాళ్లను తిట్టడం అప్పుడే మొదలవుతాయి. తన డ్రైవింగ్ బాగుందో లేదో తనే అంచనా వేసుకునే శక్తిని కూడా ఈ జబ్బే తీసుకుపోతుంది. ఆ మనిషినే 'మీరు సరిగ్గా నడుపుతున్నారా' అని అడిగి ఊరుకోవడం సరికాదు.

3. వృద్ధుల డ్రైవింగ్ అనగానే అందరూ కారు గురించే మాట్లాడతారు. మన ఊళ్లలో పెద్దాయన నడిపేది స్కూటరు, మోపెడు. పొలానికి టీవీఎస్ ఎక్స్‌ఎల్, బ్యాంకుకు యాక్టివా. యాక్టివా అయితే వంద కిలోలు దాటిన బరువు. ప్రమాదం వేగంలోనే ఉండదు, ఆగే చోట కూడా ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగి ఎడమ కాలు కింద పెట్టగానే మోకాలు నిలవకపోతే బండి మీద పడుతుంది. ఆ వయసు ఎముకకు అంత చాలు, తుంటి విరుగుతుంది. గుండెకు స్టెంట్ వేసి, రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ వాడుతున్నవారికి, వార్ఫరిన్ వాడేవారికి తలకు తగిలిన చిన్న దెబ్బ కూడా లోపల రక్తస్రావం తేగలదు; ఆ రోజు బాగానే ఉండి, రెండు మూడు వారాల తర్వాత తలనొప్పి, తడబాటు మొదలవుతాయి. పడ్డ సంగతి ఇంట్లో చెప్పి ఉండరు కాబట్టి ఎవరూ దాన్నీ దీన్నీ కలపరు.

వెనక ఒకవైపు కాళ్లు పెట్టి కూర్చున్న అమ్మ సంగతి ఎవరూ అనుకోరు. ఆమెకూ హెల్మెట్ ఉండాలని చట్టంలోని 129వ సెక్షన్ చెబుతుంది. పడితే ముందు తల తగిలేది ఆమెకే. బ్రేకు ఆలస్యమవుతోందనీ, గుంత చూడకుండా వెళ్లిపోతున్నారనీ అందరికంటే ముందు తెలిసేదీ ఆమెకే. కానీ ఆమెను అడిగే గడి ఏ ఫారంలోనూ లేదు, ఇంట్లోనూ ఎవరూ అడగరు.

4. 'నాన్నకు క్లచ్ కష్టంగా ఉంది, ఆటోమేటిక్ కొనిపెడదాం' అని పిల్లలు ప్రేమతో చేసే పనిలో ఒక మెలిక ఉంది. గేర్ల కారులో కంగారు పడ్డ మనిషి రెండు కాళ్లూ తొక్కుతాడు, క్లచ్ పడి ఇంజను బలం తెగుతుంది. ఆటోమేటిక్‌లో బ్రేకు వదలగానే కారు దానంతటదే పాకుతుంది. కాలు తప్పుగా పడితే ఆపే క్లచ్ ఉండదు, కంగారులో ఇంకా గట్టిగా నొక్కుతారు. ఇది ఎక్కువగా జరిగేది ఇంటి గేటు ముందు, రివర్సులో. వెనక్కి చూడటానికి నడుము తిప్పినప్పుడు మడమ తెలియకుండానే కుడికి జరుగుతుంది. హవాయి చెప్పులు, జారే రబ్బరు మ్యాటు, సీటు కింద దొర్లే నీళ్ల సీసా దీనికి తోడు. కొన్నాక మడమను బ్రేకు ఎదురుగా నేల మీద ఆనించి, అక్కణ్నుంచి ముందు పాదాన్ని మాత్రమే యాక్సిలరేటరు వైపు తిప్పడం ఖాళీ మైదానంలో అలవాటయ్యేదాకా చేయించాలి. అలవాటు కాకపోతే ఆ కారు ఆయనకు కాదు.

5. లైసెన్సు గడువు తీరిందని తెలియకుండా నడిపే పెద్దవాళ్లు ఎందరో. 2019 సవరణతో గడువు తర్వాత ఉండే నెల రోజుల వెసులుబాటు పోయింది. ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ పరీక్షకు రావాలి. ఈలోగా ఏదైనా జరిగితే సొంత బండి నష్టానికి ఇన్సూరెన్సు క్లెయిము తిప్పికొడతారు. అవతలివారికి కంపెనీ కట్టినా ఆ డబ్బు బండి యజమాని నుంచి వసూలు చేసుకోవచ్చు. యజమాని తనే నడిపినప్పుడు ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా చెల్లే లైసెన్సు ఉంటేనే వర్తిస్తుంది. కారు కొడుకు పేరు మీద ఉంటే, లైసెన్సు లేని మనిషికి బండి ఇచ్చినందుకు 180వ సెక్షన్ కింద కొడుకు మీదా కేసు పెట్టొచ్చు: మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

6. ఆపేసిన మర్నాటి నుంచి ఏమిటి? ఈ ప్రశ్నకు జవాబు లేకనే పెద్దవాళ్లు ఆపరు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. మంచి పని. అయితే ఆ తరంలో బండి నడిపేది ఎక్కువగా మగవాళ్లు. ఏపీఎస్‌ఆర్టీసీ 60 దాటినవారికి ఇచ్చే 25 శాతం రాయితీ ఉంది గానీ, మోకాళ్లు అరిగిన మనిషిని ఆపేది టికెట్టు ధర కాదు, బస్సు మొదటి మెట్టు. బండి ఆగిపోతే రైతుబజారు, బ్యాంకు, గుడి, నెలనెలా షుగరు పరీక్ష, సాయంత్రం నలుగురితో కూర్చునే అరుగు అన్నీ ఒకేసారి పోతాయి. మనిషి మంచానికి దగ్గరవుతాడు. ఈ భయం అబద్ధం కాదు, దీన్ని మొండితనం అని కొట్టిపారేయడం తప్పు.

ఇక మేం కోరేవి.

రవాణా శాఖలను కోరేది:

(అ) చట్టంలోని 16వ సెక్షన్‌ను వాడండి. జబ్బు వల్లగానీ అవయవ లోపం వల్లగానీ ఒక మనిషి నడపడానికి తగడని నమ్మడానికి కారణం ఉంటే, లైసెన్సింగ్ అధికారి ఎప్పుడైనా కొత్త వైద్య సర్టిఫికెట్ తెమ్మనొచ్చు, అవసరమైతే రద్దు చేయొచ్చు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కావలసింది ఒక పద్ధతి. కుటుంబ సభ్యులుగానీ, డాక్టరుగానీ, ట్రాఫిక్ పోలీసుగానీ ఇచ్చే ఒక పేజీ తెలుగు దరఖాస్తు పెట్టండి. ఇచ్చినవారి పేరు బయటికి రాకూడదు. రాగానే రద్దు చేయకూడదు. ముందు వైద్య పరీక్ష, తర్వాత అదే మనిషి తిరిగే దారిలో ఇన్‌స్పెక్టరు పక్కన కూర్చుని అరగంట డ్రైవింగ్ పరీక్ష, 30 రోజుల్లో నిర్ణయం. నచ్చకపోతే 17వ సెక్షన్ కింద 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చని ఆ కాగితం మీదే రాయాలి. ఆస్తి తగాదాల్లో కక్షతో పెట్టే దరఖాస్తులు వస్తాయి, మాకు తెలుసు. అందుకే నిర్ణయం దరఖాస్తు మీద కాకుండా పరీక్ష మీద జరగాలంటున్నాం.

(ఆ) ముందే సంతకం చేసిన ఫారాలను ఆపండి. 60 దాటినవారి ఫారం 1ఏ పరీక్షను ఏరియా ఆసుపత్రుల్లో, సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో వారానికి ఒక రోజు పెట్టండి. తెలంగాణలో 2018లో, మళ్లీ 2023లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో కంటి వెలుగు పేరిట ఊరూరా కళ్లు చూశారు. అంత చేయగలిగిన ప్రభుత్వాలకు వారానికి ఒక పూట కష్టం కాదు.

(ఇ) ఫారం 1ఏ కేంద్ర నిబంధనల్లోది, మీరు మార్చలేరని తెలుసు. పక్క చూపు, కాలి స్పర్శ, వాడే మందులు, జ్ఞాపకశక్తి అనే నాలుగు గళ్లు చేర్చమని, పగలు మాత్రమే, ఊరి లోపల మాత్రమే అనే షరతులతో లైసెన్సు ఇచ్చే వీలు కల్పించమని కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖకు రాయండి. ఆ ఉత్తరాన్ని మాకూ చూపించండి.

(ఈ) తనంతట తాను లైసెన్సు అప్పగించే పెద్దవారికి, ఆడా మగా తేడా లేకుండా, ఉచిత బస్సు పాసు ఇవ్వండి. గడువుకు మూడు నెలల ముందు ఫోనుకు తెలుగులో సందేశం పంపండి.

డాక్టర్లను కోరేది: చూడని మనిషికి సర్టిఫికెట్ రాయడం 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం దుష్ప్రవర్తన. అదే నియమావళిలో, ఒక వ్యక్తికిగానీ సమాజానికిగానీ తీవ్రమైన ప్రమాదం ఉన్నప్పుడు రోగి రహస్యాన్ని వెల్లడించే వెసులుబాటూ ఉంది. 'నేను చెబితే పేషెంటు ఇంకో డాక్టరు దగ్గరికి పోతాడు' అనే జంకు అర్థమవుతుంది. కానీ కొడుకు చెబితే తగాదా, మీరు చెబితే వైద్యం. మందుల చీటీ మీద బీపీ మాత్ర రాసినట్టే తెలుగులో రాయండి: 'బండి నడపకూడదు, ఫలానా తేదీ దాకా' లేదా 'రాత్రిపూట నడపకూడదు'.

పరీక్షకు ఇరవై నిమిషాలు, కొద్దిపాటి సామాను చాలు. మీటరు దూరంలో ఎదురెదురుగా కూర్చుని, ఒక కన్ను మూయించి, మీ కంట్లోకే చూడమని, నాలుగు మూలలా వేళ్లు చూపించి ఎన్నో చెప్పమనండి. పక్క చూపులో పెద్ద లోపం ఉంటే అక్కడే బయటపడుతుంది, కాస్త అనుమానం ఉన్నా ఫీల్డు పరీక్షకు పంపండి. కాలి బొటనవేలి మీద 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కు, అరికాలికి 10 గ్రాముల మోనోఫిలమెంట్ (సన్నని నైలాన్ పోగు) పెట్టి స్పర్శ తెలుస్తోందో లేదో చూడండి. కుర్చీలో కూర్చోబెట్టి, వెనక మూడు మీటర్ల దూరంలో చూపిన వేళ్లు తిరిగి చూసి చెప్పమనండి. పది అడుగుల (మూడు మీటర్ల) దూరం వెళ్లి వెనక్కి, మొత్తం ఇరవై అడుగుల దూరం, వీలైనంత త్వరగా నడవమనండి. తొమ్మిది సెకన్లు దాటితే కాళ్ల సంగతి ఇంకా లోతుగా చూడాలి. ద్విచక్ర వాహనమైతే ఒంటికాలి మీద పది సెకన్లు నిలబెట్టండి. 1–అ–2–ఆ వరుసలో అంకెలనూ అక్షరాలనూ గీతతో కలిపే పరీక్ష పెట్టండి. ఇంగ్లిషు అక్షరాల మూలంలో 180 సెకన్లు దాటితే జాగ్రత్త పడాలన్నది లెక్క, తెలుగుకు ఆ సంఖ్యను మన దగ్గరే తేల్చుకోవాలి. చదువు తక్కువైన రైతుకు ఇది పెట్టడం అన్యాయం. ఆయన్ను ఇంటి నుంచి ఆసుపత్రికి దారి మలుపు మలుపునా చెప్పమనండి, పక్కనున్న మనిషిని నిజమో కాదో అడగండి. తెలుగులో చేసే జ్ఞాపకశక్తి పరీక్ష లేకపోలేదు, హైదరాబాద్ నిమ్స్‌లో ఏళ్లుగా వాడుతున్నారు. ఇన్సులిన్ వాడేవారికి ఒక చిన్న లెక్క రాసివ్వండి: బయల్దేరే ముందు షుగరు 90కి పైన ఉండాలి, తక్కువైతే తిని బయల్దేరాలి, 70 కంటే పడితే తిని, మామూలు స్థాయికి వచ్చాక కూడా 45 నిమిషాలు ఆగాలి.

చివరిగా, కొడుకులూ కూతుళ్లూ, మీకు. మీరు డల్లాస్‌లో ఉన్నా, బెంగళూరులో ఉన్నా, ఫోనులో 'ఇక బండి ముట్టుకోవద్దు' అని చెప్పి పెట్టేయకండి. తాళాలు దాచిపెట్టకండి, బ్యాటరీ వైరు పీకి 'రిపేరు' అని అబద్ధం చెప్పకండి. మెకానిక్కును పిలిపించుకుని బాగు చేయించుకుంటారు, ఆ తర్వాత మీ మాట మీద నమ్మకం పోతుంది. ఊరొచ్చినప్పుడు వెనక సీట్లో కూర్చుని మూడుసార్లు వెళ్లండి: ఒకసారి పొద్దున, ఒకసారి సందె చీకట్లో, ఒకసారి సంత రోజు రద్దీలో. మాట్లాడకుండా చూడండి. బంపరు మీద కొత్త సొట్టలు, గేటు స్తంభానికి రంగు గీతలు, పగిలిన అద్దం చూడండి. అమ్మను విడిగా అడగండి.

ఈ ఆరింటిలో ఒక్కటి జరిగినా పరీక్ష అయ్యేదాకా బండి ఆగాల్సిందే: బ్రేకు అనుకుని యాక్సిలరేటరు నొక్కడం; తెలిసిన దారిలో తప్పిపోవడం; తెలియకుండా రాంగ్ రూట్‌లోకి వెళ్లడం; స్పృహ తప్పడం, ఫిట్స్ రావడం లేదా షుగరు పడిపోయి ఇంకొకరి సాయం కావాల్సి రావడం; నడుపుతూ నిద్రలోకి జారడం; కొత్తగా పక్షవాతం లక్షణాలు, అవి గంటలో తగ్గిపోయినా సరే. మిగతావన్నీ, అంటే ఆలస్యంగా బ్రేకు, ఇండికేటరు మరవడం, రెండు లైన్ల మధ్య నడపడం, సెంటర్ స్టాండ్ వేయలేకపోవడం, వెనక హారన్ వినపడకపోవడం, డాక్టరుకు కాగితం మీద రాసి చూపించాల్సినవి. అన్నీ ఒకేసారి ఆపనక్కర్లేదు. ముందు రాత్రి, తర్వాత హైవే, తర్వాత వాన, తర్వాత వెనక మనిషిని ఎక్కించుకోవడం, చివరికి ఊళ్లో పగటి ప్రయాణం. ప్రతి మెట్టు దగ్గర దానికి బదులు ఏమిటో ముందే సిద్ధం చేయండి: పేరు తెలిసిన ఒక ఆటో అబ్బాయికి నెల లెక్కన డబ్బు, ఇంటికి మందులు, బ్యాంకు పనికి వారంలో ఒక రోజు తోడు. పెట్రోలు, ఇన్సూరెన్సు, సర్వీసింగు కలిపి బండికి నెలకు ఎంతవుతోందో కాగితం మీద వేసి, ఆ డబ్బును ఆయన చేతికే ఇవ్వండి. ఎక్కడికి, ఎప్పుడు వెళ్లాలో ఆయనే చెప్పాలి. బండి పోయినా ఆ మాట ఆయనదిగా ఉండాలి. సలహా కావాలంటే పెద్దల కోసం ఉన్న 14567 నంబరు దేశమంతా ఒకటే.

అధికారులకు మళ్లీ: పైన అడిగిన నాలుగింటిలో మొదటిదానికి డబ్బు ఖర్చు లేదు, చట్ట సవరణ అవసరం లేదు, ఒక సర్క్యులర్ చాలు. ఆ సర్క్యులర్ ఇస్తారా, ఇవ్వరా, ఇవ్వకపోతే ఎందుకు అన్నది 60 రోజుల్లో రాతపూర్వకంగా చెప్పమని కోరుతున్నాం. దరఖాస్తు నమూనా, డాక్టర్లకు ఇరవై నిమిషాల పరీక్ష పట్టిక, ఇంటివారికి వెనక సీటు పరీక్ష కాగితం మూడూ తెలుగులో తయారుచేసి ఈ లేఖకు జత చేశాం. ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, మా అనుమతి అక్కర్లేదు.

ఇట్లు,
పెద్దల వైద్యం, కంటి పరీక్ష, డ్రైవింగ్ శిక్షణ పనుల్లో ఉన్న కొందరం

జత: మూడు కాగితాలు